ఇంట్లో తెలుగు ఆపేయమన్న బడి

నాకు ఏడో ఏడు నడుస్తుండగా మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది. ఆపమన్నది మా బడి. తొంభైల మధ్యలో, ఖతర్‌లో, అల్ రయ్యాన్‌లో మేమున్నప్పటి సంగతి ఇది.

బాపు జగిత్యాల వైపు నుంచి వెళ్ళినవాడు. ఐటీఐ చదివాడు. కొన్నేళ్ళు కూలీల క్యాంపులో ఉండి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ గోదాముకు ఇన్‌చార్జి అయ్యాక అమ్మనూ నన్నూ తెచ్చుకున్నాడు. మా ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళలో భార్యాపిల్లలను తెచ్చుకోగలిగినవాళ్ళు చాలా తక్కువ. మిగతావాళ్ళు శుక్రవారాలు మా ఇంటికి వచ్చి, అమ్మ చేసిన పచ్చిపులుసు పోసుకుని తిని, మళ్ళీ క్యాంపు బస్సు ఎక్కేవాళ్ళు. మేముండేది ఒక పాత విల్లా వెనక భాగంలో. రెండు గదులు, చిన్న వంటిల్లు.

అమ్మ ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. ఆమెకు మాట్లాడడమే పని, మాట్లాడడమే విశ్రాంతి. ఎవరూ లేకపోతే కూరగాయలతో మాట్లాడేది. వంకాయను తిప్పి చూసి, "ఈ పిల్ల సౌదీకెల్లి అచ్చిందట బిడ్డా, మొఖం జూడు, ఎండల నడిసచ్చినట్టే ఉన్నది" అనేది. ఊళ్ళో ఎవరి కోడి ఎవరింట్లో గుడ్డు పెట్టింది, దాని మీద ఎవరు ఎవరిని ఏమని తిట్టారు, ఇవన్నీ ఆ తిట్టిన వాళ్ళ గొంతుల్లోనే చెప్పేది. చెప్పేటప్పుడు నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకునేది. ఆమెది పొలంలో అవతలి గట్టు మీది మనిషిని పిలిచే గొంతు. మెల్లగా మాట్లాడడం ఆమెకు రాదు.

అంతకు ముందు ఏడు నాకు తట్టు పోసింది. అది తగ్గాక చెవులు కారడం మొదలైంది. పొద్దున లేచేసరికి దిండు మీద పసుపు మరక ఉండేది. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసేది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ కారేది. నాకు సరిగ్గా వినబడడం లేదని నాకు తెలియదు. చిన్నపిల్లలకు అది తెలిసే దారి లేదు. లోకమంతా అందరికీ అలాగే, గోడ అవతల నుంచి వచ్చినట్టే వినబడుతుందనుకున్నాను.

బాపు నన్ను చేర్చిన బడికి ఆ చుట్టుపక్కల మంచి పేరుండేది. గేటు మీద భూగోళం బొమ్మ, దాని చుట్టూ రకరకాల రంగుల పిల్లలు చేతులు పట్టుకుని నిలబడిన బొమ్మ. లోపల కూడా నిజంగా అలాగే ఉండేది. ఈజిప్టు పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు, పాకిస్తానీలు, శ్రీలంక వాళ్ళు, మలయాళీలు. నా పక్కన కూర్చునేది ఒక సూడాన్ అమ్మాయి. జుట్టు సన్నసన్నని జడలుగా అల్లుకుని వచ్చేది. టీచరు నా పేరు పిలిచినప్పుడల్లా బల్ల కింద నా మోచేయి నొక్కేది. నేను లేచి నిలబడేదాన్ని. ఎందుకు నొక్కుతున్నావని నేను అడగలేదు. నువ్వెందుకు వినవని ఆమె అడగలేదు. అప్పటికి మా ఇద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రమే.

మా క్లాసు టీచరు చెడ్డ మనిషి కాదు. గది నిండా పిల్లలు, ఎప్పుడూ బొంగురుపోయిన గొంతు. బోర్డు మీద రాస్తూ, మాకు వీపు చూపించి పాఠం చెప్పేది. ఆమె మొహం కనబడకపోతే నాకు పాఠమే లేదు. డిక్టేషన్‌లో నాకు సగం కూడా వచ్చేవి కావు. "షిప్" అంటే "చిప్" రాసేదాన్ని. కొన్నిసార్లు ఏమీ రాయకుండా కూర్చునేదాన్ని. చెవి కారినప్పుడు వాసన వచ్చేది. ముందు బెంచీ పిల్లలు ముక్కు మూసుకుని నా వైపు తిరిగేవాళ్ళు. వాళ్ళ తల్లుల్లో ఒకరు వచ్చి చెప్పారట. నన్ను తీసుకెళ్ళి చివరి వరసలో, గోడకున్న ఏసీ కింద ఒంటరిగా కూర్చోబెట్టారు. అక్కడైతే చల్లగా ఉంటుందని టీచరు నా తల నిమిరింది. ఆ ఏసీ పొద్దున్నుంచి బడి వదిలేదాకా లారీలాగా గుర్రుమనేది. చెవి మరీ ఎక్కువ కారిన రోజు బడిలోని నర్సు దూది ఉండ చేసి చెవిలో గట్టిగా కుక్కి పంపేది. అలా దూది పెట్టిన చెవితో ఆ ఏసీ కింద కూర్చుని నేను రెండో తరగతి చదివాను. దాన్ని చదువు అనొచ్చో లేదో నాకు తెలియదు.

ఆ ఏడు సగంలో అమ్మనూ బాపునూ పిలిపించారు. బాపు పొద్దుటి డ్యూటీకి సెలవు పెట్టాడు. అమ్మ పెళ్ళికి పెట్టిన చీర కట్టుకుంది. హెడ్మిస్ట్రెస్ మన దేశం ఆవిడే, ఏదో పెద్ద నగరం నుంచి వచ్చింది. నేనూ ఆ గదిలోనే ఉన్నాను కానీ ఏం మాట్లాడుకున్నారో నాకు అందలేదు. గోడ మీద పెద్ద ప్రపంచ పటం, పిల్లల దేశాల మీద రంగు గుండుసూదులు ఉండడం మాత్రం గుర్తుంది. మాటలన్నీ తర్వాత అమ్మ చెప్పగా తెలిసినవి. అమ్మకూ ఆ గదిలో బాపు గుసగుసగా తెలుగు చేసి చెప్పినవే.

"ఇంట్లో ఏ భాష?" అని అడిగిందట ఆవిడ.

"తెలుగు, మేడం."

"అదీ సంగతి. మా దగ్గర ఇలాంటి పిల్లలను రోజూ చూస్తుంటాం. ఇంట్లో ఒక భాష, ఇక్కడ ఒక భాష. పిల్ల తికమక పడుతోంది. ఇంట్లో ఆ భాష ఆపేయండి. ఇంగ్లీషే మాట్లాడండి."

"మా ఇంటామెకు ఇంగ్లీషు రాదు, మేడం."

"తల్లి కదా, నేర్చుకుంటుంది."

అమ్మ ఆ చివరి మాట బాపు నోటి వెంట విని తల ఊపిందట. తల్లి కదా అన్నాక ఊపకుండా ఎట్లా ఉంటుంది? లేచి వస్తుంటే ఆవిడ నా చేతిలో ఒక చాక్లెట్ పెట్టింది. నా చెవిలో ఆ రోజు కూడా దూది ఉంది. ఆవిడ చూసింది. చూసి, దాన్ని జాగ్రత్తగా తప్పించి నా చెంప తట్టింది.

ఇంటికి వచ్చాక బాపు చొక్కా అయినా విప్పకుండా అన్నాడు. "ఇగ ఇంట్ల తెలుగు బంద్."

"మరి నేనేం మాట్లాడాలె?"

"ఇంగ్లీష్ మాట్లాడు."

"నాకస్తదా?"

"నేర్సుకో. నేను పుస్తకం తెస్త."

"నేర్సుకునేదాంక?"

బాపు అప్పుడు చొక్కా గుండీ విప్పాడు. "నేర్సుకునేదాంక జెర తక్కువ మాట్లాడు. బిడ్డ బాగుకే గద చెప్పిండ్రు. సదువుకున్నోళ్ళు. మనకేం ఎరుక?"

అమ్మ వాదించలేదు. ఆమె వాదించి ఉంటే బాగుండేదని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. ఊళ్ళో ఇంటి ముందు చెత్త వేసినందుకు సర్పంచు భార్యతో గొడవ పెట్టుకున్న మనిషి. కానీ ఊళ్ళో ఆమెకు మాట ఉంది. ఆ బడి గదిలో లేదు.

బాపు ఇంగ్లీషు నేర్పే పుస్తకం తెచ్చాడు. అమ్మ దాన్ని పొయ్యి పక్కన పెట్టుకుని చదివేది. ఆమెకు పట్టుబడినవి చిన్న చిన్న మాటలు. ఈట్. కమ్. గో. బాత్. స్లీప్. నో. ఇల్లంతా ఆ మాటలతోనే నడిచేది. నాకు ఆ మాటలు కూడా అందేవి కావు. అమ్మ తెలుగులో మాట్లాడితే పొడవుగా మాట్లాడేది. అందులో రెండు మాటలు పోయినా మిగతా వాటిని పట్టుకుని నేను అర్థంలోకి చేరుకునేదాన్ని. ఆమె కళ్ళు, చేతులు, కోపం, నవ్వు అన్నీ ఆ మాటలతో కలిసి వచ్చేవి. ఇంగ్లీషులో అవేమీ లేవు. తప్పు పలుకుతానేమోనని గొంతు కూడా తగ్గించేసింది. జీవితంలో మొదటిసారి మా అమ్మ మెల్లగా మాట్లాడడం నేర్చుకుంది, సరిగ్గా నాకు గట్టి గొంతు కావలసిన రోజుల్లో. నేను పలక్కపోతే రెండోసారి అనేది కాదు. చేయి పట్టి లాక్కెళ్ళి కంచం ముందు కూర్చోబెట్టేది.

అప్పట్లో ఊరికి మాటలు క్యాసెట్లలో పంపేవాళ్ళు. ఫోను అందరికీ అయ్యేది కాదు. టేప్ రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, ఆ క్యాసెట్‌ను సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేతికిస్తే ఊళ్ళో వాళ్ళు వినేవాళ్ళు. తెలుగు బంద్ అయ్యాక అమ్మ బాపు డ్యూటీకి పోయిన తర్వాత టేప్ రికార్డరును వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. సందులోంచి చూసేదాన్ని. నేల మీద కూర్చుని, దాని మీదికి వంగి, చేతులు తిప్పుతూ మాట్లాడేది. మధ్యలో నవ్వేది. ఒకసారి ఏడ్చింది. అమ్మమ్మతో మాట్లాడుతోందని నాకు తెలుసు. అయినా ఆ టేప్ రికార్డరు మీద నాకు చెప్పలేనంత ఈర్ష్య ఉండేది. ఒకసారి దాని ప్లగ్గు పీకి దాచాను. అమ్మ వెతుక్కుంది. నన్ను చూసింది. ఏదో అనబోయి, ఏ భాషలో అనాలో తోచక, "నో" అని ఊరుకుంది.

మరుసటి ఏడు బడిలో దేశాల పండుగ పెట్టారు. ప్రతి ఏడూ చేసేదే. భాషకొకరు చొప్పున పిల్లలు తమ దేశం బట్టలు వేసుకుని, స్టేజీ మీదికి వచ్చి తమ మాతృభాషలో నమస్కారం చెప్పాలి. ఆ ఏడు నన్ను కూడా ఎంచుకున్నారు. తెలుగు చెప్పే పిల్లలు వేరే ఎవరూ లేరు. బాపుకు ఎంత సంతోషమంటే, శుక్రవారం వచ్చిన క్యాంపు వాళ్ళందరికీ చెప్పాడు.

అమ్మ మాత్రం వాళ్ళందరి ముందే, కూర వడ్డిస్తూ, ఎన్నాళ్ళకో తెలుగులో అంది. "ఇంట్ల బంద్ వెట్టిచ్చి, ఇగ స్టేజీ మీద గావాల్నట్నా?"

"గది వేరే, గిది వేరే" అన్నాడు బాపు.

"ఏం వేరే?"

బాపు అన్నం కలుపుకోవడంలో పడ్డాడు.

నేను చెప్పవలసింది రెండే ముక్కలు. "అందరికీ నమస్కారం. మా భాష తెలుగు." కార్యక్రమం కోసం కాబట్టి ఆ వారం రోజులు ఇంట్లో తెలుగుకు అనుమతి దొరికింది. అమ్మ ఆ రెండు ముక్కలను వారమంతా నేర్పింది. సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గడ్డం పట్టుకుని, ఒకసారి ఆ ముక్కలు చెప్పించి, తర్వాత మెల్లగా వేరే మాటల్లోకి దిగేది. మేనమామ కొన్న బర్రె సంగతి. చెరకు గానుగ సంగతి. ఆ వారం నేను బడిలో కూడా బాగానే ఉన్నాననుకుంటాను. అన్నం అడిగి మరీ తిన్నాను.

పండుగ రోజు అమ్మ కుట్టిన పట్టు లంగా, జాకెట్టు వేసుకుని స్టేజీ ఎక్కాను. వెనక నుంచి టీచరు వీపు మీద తట్టింది. ఎదురుగా వరసలు వరసలుగా తల్లిదండ్రులు. నాలుగో వరసలో అమ్మ కనబడింది. ఆమె కేసి చూస్తూ, ఆమె నాకు చెప్పినట్టే, గట్టు మీది నుంచి పిలిచినట్టు చెప్పాను. చెవులు వినబడని వాళ్ళ గొంతు ఎంత పెద్దదో వాళ్ళకు తెలియదు. పైగా చేతిలో మైకు. ముందు వరసల్లో వాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. ఆ తర్వాత నవ్వారు. హెడ్మిస్ట్రెస్ వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుని నవ్వుతూ ఏదో అంది. జనం ఇంకా ఎక్కువ నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి బాగా చెప్పాననుకుని నేనూ నవ్వాను. అమ్మ తల దించుకుంది.

"ఈ భాషకు మైకు అక్కరలేదు" అని అందట ఆవిడ. బాపు ఆ మాట అమ్మకు తెలుగు చేసి చెప్పలేదు. అమ్మే అర్థం చేసుకుంది. ఆపాటి ఇంగ్లీషు అప్పటికి ఆమెకు వచ్చేసింది.

ఆ మరునాటి నుంచి మళ్ళీ ఈట్, కమ్, గో. ఈసారి బాపు చెప్పనవసరం లేకపోయింది.

ఎండలు ముదిరే రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. చెవి వెనక ఎముక వాచి ఎర్రబడింది. ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. బాపు కంపెనీ పికప్‌లో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు పొడుగాటి మనిషి, అరబ్బు. నా చెవుల్లో లైటు వేసి చూశాడు. తర్వాత నా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ముందుకు వచ్చాడు. మొహం అట్ట అడ్డం పెట్టుకున్నాడు, తీశాడు. ఆటాడుతున్నాడనుకుని నవ్వాను. బాపు నవ్వడం లేదు. అట్ట వెనక నుంచి డాక్టరు నన్ను పేరు పెట్టి మూడు నాలుగుసార్లు పిలిచాడట.

ఆ తర్వాత వాళ్ళ మాటలు బాపు ఎన్నో ఏళ్ళకు నాకు చెప్పాడు.

"ఈ పిల్ల ఇంట్లో ఏ భాష మాట్లాడుతుంది?" అన్నాడట డాక్టరు.

"ఇంగ్లీషే, సార్. ఇంగ్లీషే మాట్లాడుతున్నం. స్కూల్‌వాళ్ళు చెప్పిండ్రు." డాక్టరు కూడా మెచ్చుకుంటాడనుకున్నాడు బాపు.

"తల్లి భాష?"

"తెలుగు."

"అయితే తల్లిని ఆ భాషలోనే మాట్లాడమను. దగ్గరికి తీసుకుని, మొహం చూపిస్తూ, గట్టిగా. ఈ పిల్లకు రెండు చెవుల్లోనూ పొరలు చిరిగిపోయాయి. నీ బడివాళ్ళు చూడలేదా?"

ఇంటికి వచ్చాక బాపు అమ్మతో ఏం చెప్పాడో నాకు తెలియదు. అమ్మ వచ్చి నా ముందు కూర్చుంది. గడ్డం పట్టుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. చివరికి "తింటవా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

జ్వరం తగ్గాక బాపు నన్ను వెంటబెట్టుకుని బడికి వెళ్ళాడు. ఆయన జీవితంలో ఒక చదువుకున్న మనిషి ముందు గొంతు పెంచింది ఆ ఒక్కసారే అనుకుంటాను. చెవులు చిరిగాయని, భాష వల్ల కాదని చెప్పాడు.

"అయ్యో పాపం. మాకెలా తెలుస్తుంది?" అందావిడ.

"మీ నర్సు దూది వెట్టి పంపింది, మేడం. ఎన్నోసార్లు."

"మాది బడి. ఆసుపత్రి కాదు."

"మరి తెలుగు బంద్ చెయ్యమని మందు చెప్పింది మీరే గద, మేడం?"

ఆవిడ నా మార్కుల కార్డు ముందుకు లాక్కుంది. నేను చదువులో బాగా వెనకబడ్డానని, మళ్ళీ రెండో తరగతిలో కూర్చోబెట్టినా లాభం ఉండదని, ఇలాంటి పిల్లలకు వేరే బడులుంటాయని, ఇండియాలో అయితే మంచివి దొరుకుతాయని చెప్పింది. తమ దగ్గర ఉండేవాళ్ళంతా మామూలు పిల్లలని అంది.

"గేటు మీద అందరికీ జాగా ఉందన్నట్టు బొమ్మ ఏసిండ్రు" అన్నాడట బాపు.

"దేశాలు వేరు. ఇది వేరు."

నా పుస్తకాలు తెచ్చుకోవడానికి క్లాసులోకి వెళ్ళాను. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తోంది. సూడాన్ అమ్మాయి లేచి నా దగ్గరికి వచ్చి ఏదో అంది. ఏసీ చప్పుడులో అది నాకు అందలేదు. మళ్ళీ అంది. నేను తల ఊపాను. ఏమందో ఇప్పటికీ తెలియదు.

వేసవి దాటక ముందే అమ్మా నేనూ ఇండియా వచ్చేశాం. బాపు ఒక్కడూ మళ్ళీ క్యాంపుకు మారాడు. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. కుడి చెవి చాలావరకు దక్కింది. ఎడమ చెవి పోయింది. ముందే తెచ్చి ఉంటే రెండూ దక్కేవని అక్కడి డాక్టరమ్మ అమ్మ మొహం మీదే అంది. మా ఊరి తెలుగు బడిలో నన్ను ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టారు. తొమ్మిదో ఏడు నడుస్తున్న పిల్ల నేల మీద కూర్చుని అ ఆలు దిద్దుతుంటే చిన్నపిల్లలు చుట్టూ చేరి చూసేవాళ్ళు. నాకు సిగ్గనిపించలేదు. పంతులు నాకెదురుగా వంగి, కేకవేసి చెప్పేవాడు. అందరికీ అలాగే కేకవేసేవాడు. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అమ్మ మాత్రం మళ్ళీ మునుపటిలా కాలేదు. తెలుగు మాట్లాడడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. అయినా అవే చిన్న చిన్న మాటలు. తిను. రా. పండుకో. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళు పిలిస్తే వెళ్ళేది, వినేది, లేచి వచ్చేది. "దుబాయ్ పోయచ్చినంక దీనికి మాట బరువైంది" అని పొగరు కింద జమకట్టారు. మా అమ్మ దుబాయ్ ఎన్నడూ చూడలేదని కూడా ఆమె వాళ్ళకు చెప్పలేదు.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను. "గామె చెప్తె ఎందుకిన్నవే అమ్మా?"

"నీకోసమే" అంది.

"డాక్టర్ చెప్పినంకనన్న మాట్లాడొచ్చు గద?"

చేటలో బియ్యం చెరుగుతూనే చెప్పింది. "నా మాటతోనే నువ్వు చెడిపోతున్నవని చెప్పిరి. అద్దని నోరు గట్టుకున్న. మల్ల తెరుద్దమంటె రాలె. ఏం జెయ్యాలె?"

ఆ హెడ్మిస్ట్రెస్‌కు ఈ సంగతి తెలియదు. తెలిసినా ఆమెకు పెద్దగా ఏమీ అనిపించదనుకుంటాను. చాలామంది పిల్లలను చూసిన మనిషి. ఆమె పటం మీద నా గుండుసూది ఎప్పుడో తీసేసి ఉంటారు. నా కోపం మాత్రం తగ్గలేదు. వయసుతో పాటు తగ్గుతుందన్నారు. అది నిజం కాదు.

బాపు రిటైరై ఊరికి వచ్చేశాడు. ఇంటికి ఎవరు వచ్చినా నన్ను చూపించి చెబుతాడు. "మా బిడ్డ చిన్నప్పుడు ఇంటర్నేషనల్ స్కూల్ల సదివింది. అన్ని దేశాల పిల్లలతోని. గసుంటి బడి మన దగ్గర ఏడ దొరుకుతది?" అది ఆయన పడ్డ కష్టానికి ఆయన ఇచ్చుకునే జవాబు. వద్దని నేను చెప్పలేను. అమ్మ చెప్పదు. ఆ మాట మొదలైతే చాలు, చాయ్ గ్లాసులు సర్దుకుని ఆమె లోపలికి వెళ్ళిపోతుంది. వచ్చినవాళ్ళు తల ఊపుతూ, బాగా ఖర్చు పెట్టి చదివించినవ్ అంటారు. బాపు అవునంటాడు.